ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ లైఫ్ సైన్సెస్: పట్టా ఎవరిది, ఫీజు ఎవరిది, ల్యాబ్ ఎవరిది?

ఇంటర్ బైపీసీ పూర్తయి, నీట్ ర్యాంకు చేతికొచ్చాక చాలా ఇళ్లలో ఒకటే చర్చ నడుస్తుంది. 2025లో నీట్ రాసినవారు దేశమంతా కలిపి 22 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. సీటు రానివారిలో కొందరు లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్తారు, కొందరు అగ్రికల్చర్, ఫార్మసీ, నర్సింగ్ వైపు చూస్తారు. అవేవీ కుదరనివారు, మొదటి నుంచీ జీవశాస్త్రమంటే ఇష్టం ఉన్నవారు బీఎస్సీ లైఫ్ సైన్సెస్‌లో చేరతారు. ఊరికి దగ్గర్లో సీటు దొరికేది ఎక్కువగా ప్రైవేటు డిగ్రీ కాలేజీలోనే.

గందరగోళం అక్కడ మొదలవుతుంది. ప్రైవేటు పట్టాకు విలువుంటుందా? ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా? బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ గ్రూపు) పాతబడిపోయిందట, బయోటెక్నాలజీయే తీసుకోవాలట, నిజమేనా? ఒక లెక్చరర్ చెప్పిన జవాబు ఇంకొకరి మాటతో కలవదు. ఎందుకంటే ప్రైవేటు కాలేజీలో డిగ్రీ చదువు పూర్తిగా ఒకరి చేతిలో ఉండదు. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. సీటు కేటాయించేది ప్రభుత్వ పోర్టల్. చాలామంది పిల్లల ఫీజు రావాల్సింది ఖజానా నుంచి. కాలేజీ యాజమాన్యం చేతిలో నిజంగా ఉండేది పాఠం చెప్పే మనిషి, పని చేయించే ల్యాబ్. ఈ నాలుగింటినీ విడదీసి చూస్తే తప్ప ఏ ప్రశ్నకూ సరైన జవాబు దొరకదు.

ఏ బీఎస్సీ గురించి మాట్లాడుతున్నాం?

బీఎస్సీ అన్న పేరు చాలా కోర్సులకు ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాల కోర్సు. బీఎస్సీ నర్సింగ్, బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) ఆరోగ్య విశ్వవిద్యాలయాల కిందికి వస్తాయి: ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయం. మామూలు డిగ్రీ కాలేజీలో చదివే బీఎస్సీ లైఫ్ సైన్సెస్ వీటికి వేరు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర వంటి సాధారణ విశ్వవిద్యాలయాల పరిధిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ లాంటి సబ్జెక్టులు చదివే డిగ్రీ ఇది.

ఈ తేడా తెలియకపోతే నష్టం చిన్నది కాదు. మైక్రోబయాలజీ చదివితే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కావచ్చని నమ్మి చేరే పిల్లలు చాలామంది ఉన్నారు. రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్‌గా రిజిస్టర్ కావాలంటే అడిగేది ఎంఎల్‌టీ డిప్లొమానో డిగ్రీనో. మైక్రోబయాలజీ బీఎస్సీలో సూక్ష్మజీవుల గురించి ఎంఎల్‌టీ కన్నా లోతుగా చదివినా, అది ఆ ఉద్యోగానికి అర్హత పత్రం కాదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేశాక ఈ గీత మరింత స్పష్టమైంది.

"ప్రైవేటు" అన్న ఒక్క మాట కింద ఎన్ని రకాలో

1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ప్రదానం చేసే హక్కు విశ్వవిద్యాలయాలకు, వాటితో సమానంగా గుర్తింపు పొందిన సంస్థలకు, పార్లమెంటు చట్టంతో ప్రత్యేక అధికారం పొందిన సంస్థలకే ఉంది. మామూలు కాలేజీకి ఆ హక్కు లేదు. కాబట్టి ఉస్మానియా అనుబంధ ప్రైవేటు కాలేజీలో చదివిన అమ్మాయికీ, ఉస్మానియా పరిధిలోని ప్రభుత్వ కాలేజీలో చదివిన అబ్బాయికీ వచ్చే పట్టా ఒకటే. సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే. "ప్రైవేటు పట్టా" అని విడిగా ఏదీ లేదు.

అటానమస్ కాలేజీల విషయం కాస్త వేరు. సిలబస్ తయారీ, పరీక్షల నిర్వహణ, మార్కుల మెమోలు కాలేజీవే. పట్టా మాత్రం మాతృ విశ్వవిద్యాలయం ఇస్తుంది, దాని మీద కాలేజీ పేరు కూడా ఉంటుంది. ఈ స్వేచ్ఛ బాగా వాడుకున్న కాలేజీలో సిలబస్ ఎప్పటికప్పుడు మారుతుంది, కొత్త పరికరాల మీద ప్రాక్టికల్స్ చేరతాయి, ఫలితాలు త్వరగా వస్తాయి. పాఠం చెప్పినవారే పేపర్ సెట్ చేసి, వారే దిద్దే చోట మార్కులు ఉదారంగా పడే ప్రమాదమూ ఉంది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలో మాత్రం ఆ మార్కులు ఆదుకోవు.

ఎయిడెడ్ కాలేజీలు మూడో రకం. యాజమాన్యం ప్రైవేటే అయినా కొన్ని పోస్టుల జీతం ప్రభుత్వమే ఇచ్చేది. ఆ పోస్టుల్లో చేరినవారు రిటైరయ్యే కొద్దీ ఖాళీలు నిండక, చాలా చోట్ల ఇవి పేరుకే ఎయిడెడ్‌గా మిగిలాయి. ఇక డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ పట్టా తామే ఇస్తాయి. వీటి ఫీజులు సాధారణ డిగ్రీ కాలేజీల కన్నా ఎంతో ఎక్కువ.

అనుబంధ కాలేజీల సీట్ల విషయంలో తెలంగాణలో 2016 నుంచి దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఓఏఎమ్‌డీసీ ఆన్‌లైన్ పద్ధతి నడుస్తోంది. ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, విద్యార్థి పెట్టిన వెబ్ ఆప్షన్ల క్రమం చూసి సీటు కేటాయిస్తారు. కాలేజీ ఏజెంటు ఇంటికొచ్చి "సీటు మేమే ఇప్పిస్తాం" అన్నాడంటే, అతను చేసేది ఆ ఆప్షన్లు తమ కాలేజీకి పెట్టించడమే.

కాంబినేషన్: మూడేళ్ల తర్వాత తలుపులు తెరిచేది ఇదే

బీజెడ్‌సీ అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. దశాబ్దాలుగా బైపీసీ పిల్లలకు అలవాటైన మూడు సబ్జెక్టులు. తర్వాత వీటిలో ఒకటి తీసేసి మైక్రోబయాలజీనో, బయోటెక్నాలజీనో చేర్చిన గ్రూపులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ విధానం ప్రవేశపెట్టారు: ఒక సబ్జెక్టు ప్రధానం, ఇంకొకటి మైనర్. దాంతో అన్నకు వర్తించిన నియమం తమ్ముడి బ్యాచ్‌కు వర్తించని పరిస్థితి వచ్చింది.

పేరు కొత్తగా ఉంటే ఉద్యోగం కూడా కొత్తగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు డిగ్రీలో ఉండాల్సిన సబ్జెక్టుల జాబితాను యూపీఎస్సీ ఇస్తుంది. అందులో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, పశువైద్యం ఉన్నాయి. వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజినీరింగ్ డిగ్రీలున్నాయి. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ పేర్లు లేవు. బీజెడ్‌సీ చదివినవారికి మూడు సబ్జెక్టులూ జాబితాలోవే. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ చదివినవారు కెమిస్ట్రీ పుణ్యాన గట్టెక్కుతారు. బయోటెక్నాలజీ ఒక్కటే మేజర్‌గా తీసుకుని, మైనర్‌గా కంప్యూటర్ అప్లికేషన్స్ లాంటిది ఎంచుకుంటే ఆ దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. పదిహేడేళ్ల వయసులో ఒక డ్రాప్‌డౌన్ మెనూలో చేసిన ఎంపిక ఇది. ఇంత పెద్ద విషయం అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

స్కూల్ అసిస్టెంట్ బయాలజీ పోస్టులకూ ఇదే సూత్రం. డీఎస్సీ నోటిఫికేషన్ డిగ్రీలో ఏ ఏ సబ్జెక్టులు ఉండాలో పేర్లతో సహా చెబుతుంది. బీజెడ్‌సీ, ఆపై బీఈడీ చేసినవారికి అక్కడ తడబాటు ఉండదు. ఎమ్మెస్సీ జంతుశాస్త్రంలో చేరాలంటే డిగ్రీలో జంతుశాస్త్రం చదివి ఉండాలి.

అలాగని కొత్త గ్రూపులు దండగ కావు. ఔషధ కంపెనీల్లో నీటిని, గాలిని, తయారైన మందును సూక్ష్మజీవుల కోసం పరీక్షించే విభాగం ఉంటుంది. అక్కడికి మైక్రోబయాలజీ చదివినవారే కావాలి. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకాలు, జీవ ఔషధాలు తయారుచేసే సంస్థలకు కణాలను పెంచడం, ప్రొటీన్లను వేరుచేయడం తెలిసినవారు అవసరం. ప్రశ్న అంతా ఒక్కటే: ఆ సబ్జెక్టు పేరు పెట్టిన కాలేజీలో ఆ పని నేర్పే ల్యాబ్ ఉందా?

ల్యాబ్ లెక్క: ఒకే మెమో, మూడింతల తేడా

జీవశాస్త్రం కళ్లతో, చేతులతో నేర్చుకునే చదువు. కాండం అడ్డుకోతను బ్లేడుతో పల్చగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద దారువు ఏదో పోషక కణజాలం ఏదో గుర్తుపట్టడం పుస్తకం చూసి వచ్చేది కాదు. ఉల్లి వేరు కొనలో విభజన జరుగుతున్న కణాన్ని మొదటిసారి తనంతట తాను వెతికి పట్టుకున్న పిల్లకు సమవిభజన జన్మలో మరిచిపోదు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, పద్ధతి మాత్రం నిజం. ఒక ప్రాక్టికల్ క్రెడిట్ అంటే వారానికి రెండు గంటలు. సెమిస్టర్‌కు 15 వారాలు అనుకుంటే 30 గంటలు. మొదటి కాలేజీలో బ్యాచ్‌కు 30 మంది, పనిచేసే సూక్ష్మదర్శినులు 10. ముగ్గురికి ఒకటి. ఒక్కో విద్యార్థి దాని ముందు కూర్చునేది 10 గంటలు. రెండో కాలేజీలో బ్యాచ్‌కు 15 మంది, సూక్ష్మదర్శినులూ 15. ఒక్కొక్కరికి 30 గంటలూ దక్కుతాయి. మూడు సబ్జెక్టులు, ఆరు సెమిస్టర్లు ఉన్న పాత పద్ధతిలో మొత్తం 18 ప్రాక్టికల్ పేపర్లు. అంటే మూడేళ్లలో మొదటి కాలేజీ విద్యార్థి చేతికి పని దొరికింది 180 గంటలు, రెండో కాలేజీలో 540 గంటలు. పట్టా ఇద్దరికీ ఒకే విశ్వవిద్యాలయం ఇస్తుంది. పరీక్షలో మార్కులూ సమానంగా రావచ్చు, ఎందుకంటే రికార్డు రాయడం, స్పాటర్లు (గుర్తుపట్టమని పరీక్షలో పెట్టే నమూనాలు) బట్టీ పట్టడం ఇద్దరూ చేయగలరు.

ఇక అసలు ల్యాబ్ తాళమే తీయకుండా, పరీక్షకు వారం ముందు సీనియర్ల రికార్డు చూసి రాయించే చోట్లూ ఉన్నాయి. అక్కడ గంటల లెక్క అవసరమే లేదు.

జంతుశాస్త్రంలో ఇంకో మార్పు కూడా తెలుసుకోవాలి. తల్లిదండ్రుల తరం కప్పను, బొద్దింకను కోసి నేర్చుకుంది. డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర ప్రాక్టికల్స్‌లో జంతువులను కోయడం ఆపాలని యూజీసీ 2014లో ఆదేశించింది. వాటి స్థానంలో మోడళ్లు, చార్టులు, కంప్యూటర్ అనుకరణలు వచ్చాయి. జంతు సంరక్షణ దృష్టితో ఇది సరైన నిర్ణయమని ఒక వాదన. అవయవాల అమరిక చేతికి తెలియకుండా పోయిందని పాత అధ్యాపకుల ఆవేదన. ఏమైనా కోతల సమయం ఖాళీ అయింది. ఆ సమయాన్ని మంచి కాలేజీలు చెరువు నీటిలో ప్లవకాలు చూపించడానికి, డీఎన్‌ఏ వేరుచేయించడానికి వాడుకున్నాయి. మిగతా చోట్ల గోడకు చార్టు వేలాడదీసి సరిపెట్టారు.

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నడిపే స్టార్ కాలేజీ పథకం డిగ్రీ స్థాయి సైన్స్ ల్యాబ్‌లకు నిధులిస్తుంది. ఇది ప్రైవేటు కాలేజీలకూ దొరుకుతుంది. న్యాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థ) ఇచ్చే గ్రేడు కన్నా ఇలాంటి నిధి ఒక కాలేజీ ల్యాబ్ గురించి నేరుగా చెబుతుందని నా అభిప్రాయం. న్యాక్ గ్రేడు సంస్థ మొత్తానిది. కామర్స్ విభాగం బలంతో మంచి గ్రేడు తెచ్చుకున్న కాలేజీలో జంతుశాస్త్ర ల్యాబ్ నీరసంగా ఉండొచ్చు.

ఫీజు: కాగితం మీద ఒకటి, చేతి నుంచి ఇంకొకటి

ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే అర్హులైన విద్యార్థి ట్యూషన్ ఫీజును ప్రభుత్వం భరించడం. కుటుంబ ఆదాయ పరిమితి, 75 శాతం హాజరు, ఏటా రెన్యువల్ ఇందులో ముఖ్యమైనవి. హాస్టల్ ఖర్చులకు ఇచ్చే మెయింటెనెన్స్ ఫీజు వేరే పద్దు.

ఉదాహరణకు ఒక కాలేజీ ఏడాదికి 30,000 రూపాయలు చెప్పిందనుకుందాం. ఆ కోర్సుకు ప్రభుత్వం చెల్లించే ట్యూషన్ ఫీజు 18,000 అనుకుందాం. మిగిలిన 12,000, ఆపై పరీక్ష ఫీజు, రికార్డులు, బస్సు ఖర్చు కుటుంబానివే. మూడేళ్లకు ప్రభుత్వం ఇవ్వాల్సింది 54,000. చిక్కు ఆ డబ్బు వచ్చే సమయంలో ఉంది. మొదటి ఏడాది బాకీ మూడో ఏడాదికీ రాకపోతే, కాలేజీ "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం" అంటుంది. కట్టలేని పిల్లల టీసీ, మెమోలు బీరువాలో ఉండిపోతాయి. ఎమ్మెస్సీ కౌన్సెలింగ్‌కు ఒరిజినల్స్ లేక ఆగిపోయేది అప్పుడే. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా బాకీల గొడవలో నలిగేది విద్యార్థే.

యాజమాన్యాల మాటలోనూ నిజం ఉంది. జీతాలు, అద్దెలు నెలనెలా ఇవ్వాలి, ప్రభుత్వ డబ్బు ఏళ్ల తరబడి రాదు. బాకీలు విడుదల చేయాలంటూ తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం విద్యాదీవెన పేరుతో ఈ డబ్బును తల్లి ఖాతాలో వేసింది. కాలేజీని నిలదీసే హక్కు తల్లికి వస్తుందన్నది అప్పటి వాదన. తల్లి ఖాతాలో పడిన డబ్బు కాలేజీకి చేరడం లేదన్నది యాజమాన్యాల ఫిర్యాదు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే ఇవ్వాలని నిర్ణయించారు. పద్ధతి ఎటు మారినా ఆలస్యం తీరలేదు. డిగ్రీ కాలేజీలో ఆలస్యం మొదట తగిలేది ల్యాబ్‌కే: రసాయనాలు కొనడం ఆగుతుంది, పాడైన సూక్ష్మదర్శిని బాగుచేయించడం వాయిదా పడుతుంది.

ప్రభుత్వ కాలేజీతో పోలిస్తే

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో శాశ్వత అధ్యాపకులు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా ఎంపికైనవారు. చాలామందికి పీహెచ్‌డీ ఉంటుంది. ఫీజు నామమాత్రం. ఖాళీ పోస్టులు, బదిలీలు, కొన్నిచోట్ల తక్కువ హాజరు వాటి బలహీనతలు. ప్రైవేటు కాలేజీలో క్లాసు క్రమం తప్పదు, పిల్లవాడు రాకపోతే ఇంటికి ఫోన్ వెళ్తుంది, బస్సు గ్రామం దాకా వస్తుంది. ఆడపిల్లను పంపే తల్లిదండ్రులకు ఈ చివరిది చాలా పెద్ద విషయం. లోపం ఎక్కడంటే, అక్కడ లెక్చరర్ జీతం చాలా తక్కువ. మంచి అధ్యాపకురాలు ఏడాది తిరక్కుండానే ఇంటర్ కార్పొరేట్ కాలేజీకో, స్కూలుకో వెళ్లిపోతుంది. ఒకే సెమిస్టర్‌లో జన్యుశాస్త్రానికి ఇద్దరు ముగ్గురు మారితే సబ్జెక్టు అతుకుల బొంత అవుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. డిగ్రీలో పేరు నమోదు చేయించుకుని, కాలేజీకి రాకుండా నీట్ కోచింగ్‌లో ఉండేవారు. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు కాబట్టి ఆశ వదులుకోలేకపోవడం అర్థం చేసుకోదగ్గదే. కాని హాజరు నియమం వల్ల రీయింబర్స్‌మెంట్ పోతుంది, ప్రాక్టికల్స్ పోతాయి. క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉంటే వచ్చిన పిల్లలకు చెప్పే ఉత్సాహం అధ్యాపకుడిలోనూ తగ్గుతుంది.

మూడేళ్లా, నాలుగేళ్లా?

2020 జాతీయ విద్యా విధానం తర్వాత యూజీసీ 2022లో కొత్త క్రెడిట్ చట్రం ప్రకటించింది. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయొచ్చు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే, రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపుతో, ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూన్ నుంచి నాలుగేళ్ల డిగ్రీవారిని అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌కూ అనుమతిస్తున్నారు.

కాగితం మీద లెక్క తేలికే: మూడేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఎమ్మెస్సీ కలిపి ఐదేళ్లు, నాలుగేళ్ల ఆనర్స్, ఏడాది ఎమ్మెస్సీ కలిపినా ఐదేళ్లే. తేడా ఆ నాలుగో ఏడాది ఎక్కడ గడుస్తుందన్న దగ్గర వస్తుంది. పరిశోధన ఆనర్స్ నడపాలంటే పీహెచ్‌డీ గైడ్‌లుగా గుర్తింపు ఉన్న శాశ్వత అధ్యాపకులు, పరికరాలు ఆ విభాగంలో ఉండాలని యూజీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మండల కేంద్రంలోని ప్రైవేటు కాలేజీలో ఇది దాదాపు అసాధ్యం. అలాంటి చోట చదివేవారికి మూడేళ్లు ముగించి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఎమ్మెస్సీ చేయడమే లాభమని నాకు అనిపిస్తుంది.

పట్టా తర్వాత

ఎమ్మెస్సీలో చేరడానికి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, కేంద్ర నిధులతో నడిచే బయోటెక్నాలజీ పీజీ సీట్లకు గాట్-బీ, ఐఐటీలకు జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు. ఏ పరీక్ష చూసినా డిగ్రీ చదివింది ప్రభుత్వ కాలేజీనా ప్రైవేటా అన్న గడి మార్కుల్లో కలవదు. ఇక్కడ గీటురాయి సబ్జెక్టు, దాని మీద పట్టు.

డిగ్రీతోనే ఉద్యోగం కావాలనుకునే లైఫ్ సైన్సెస్ పిల్లలను హైదరాబాద్‌లో ఎక్కువగా తీసుకుంటున్నది మెడికల్ కోడింగ్ రంగం. అమెరికా ఆసుపత్రుల వైద్య రికార్డులు చదివి, రోగానికి, చికిత్సకు నిర్ణీత కోడ్‌లు వేసే పని ఇది. శరీర నిర్మాణం, వైద్య పదజాలం తెలిసి ఉండటం, ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోగలగడం కావాలి. సూక్ష్మదర్శినితో పనిలేదు. జీవశాస్త్రం మూడేళ్లు చదివి కంప్యూటర్ ముందు కోడ్‌లు వేయడమేంటని బాధపడే అధ్యాపకులున్నారు. ఇంటికి మొదటి నెల జీతం పంపిన అమ్మాయి ఆ మాట ఒప్పుకోదు. ఔషధ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లలో పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ ఇంటర్వ్యూలో ఆటోక్లేవ్ (ఆవిరి వేడితో సూక్ష్మజీవులను చంపే పరికరం) ఎలా నడుపుతారు, ప్లేటు మీద కాలనీలు ఎలా లెక్కిస్తారు, పలుచన ఎన్ని రెట్లు చేస్తారు అని అడుగుతారు. 540 గంటలు చేతితో పని చేసినవారికీ, రికార్డు చూసి రాసినవారికీ తేడా మొదటి ఐదు నిమిషాల్లోనే బయటపడుతుంది.